వెనక నుంచి వచ్చే బంతి

వెనక మణిదీప్ బంతిని నేలకేసి కొడుతున్నాడు. టప్, టప్. నెట్టుకి దగ్గరగా మోకాళ్ళు వంచి, రాకెట్టుని ఛాతీ ముందు పట్టుకుని ఫల్గుణ ఆ చప్పుడే వింటున్నాడు. నెట్టుకి అవతల ఎర్రగడ్డం వాడు బంతి అందుకోవడానికి అటూ ఇటూ ఊగుతున్నాడు, వాడి జోడీ పొడుగువాడు కళ్ళు చికిలించి చూస్తున్నాడు, చూడనీ, వాళ్ళతో పేచీ ఏమీ లేదు, వాళ్ళు కొట్టే బంతి ఎంత వేగంగా వచ్చినా ముఖానికి ఎదురుగా వస్తుంది, కంటికి కనిపించేదానికి జడుసుకునే రకం కాదు ఫల్గుణ. భయమంతా వెనక ఉంది. సొంత మనిషి చేతిలో ఉంది. టప్. ఇంకోసారి కొడతాడా, ఇక పైకి ఎగరేస్తాడా? ఎగరేశాడు, బూటు కీచుమంది, ఇప్పుడు ఊపిరి బిగబడతాడు, ఇప్పుడు, ఇప్పుడే, అనుకునేలోపు మెడ తనంతట తానే భుజాల్లోకి దిగిపోయింది, కళ్ళు మూసుకుపోయాయి. బంతి మధ్య గీత మీదుగా పోయింది. తనకి అంత దూరంలో పోయిన బంతికి ఇంత జంకు ఎందుకయ్యా అని ఎవరైనా అడిగితే ఏం చెప్తాడు? కళ్ళు తెరిచేసరికి ఎర్రగడ్డం వాడు అక్కడే ఉన్నాడు, భోజనాల వేళకి ముందే వచ్చి కూర్చున్న చుట్టంలాగ, తీరుబడిగా తిరగ్గొట్టాడు. బంతి ఫల్గుణ కాళ్ళ పక్కన పడి వెనక్కి పోయింది. మెట్ల మీద జనం అయ్యో అన్నారు.

వాళ్ళకేం తెలుసు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు ఆడే ఆట, వెనక గీత దగ్గర నిలబడి ఒకడు సర్వీసు కొడతాడు, రెండోవాడు ముందుకొచ్చి నెట్టు దగ్గర వాడికి వీపు చూపించి నిలబడతాడు, అంతవరకే వాళ్ళకి కనిపిస్తుంది. వీపు వెనక పెట్టుకున్న ఎడమ చెయ్యి చూపించే వేళ్ళు మణికి తప్ప ఇంకెవరికీ కనిపించవు. చిటికెన వేలు చూపిస్తే మధ్య గీత మీదికి కొట్టమని. చూపుడు వేలు చూపిస్తే బయటి గీత వైపు కొట్టమని. బయటి గీత వైపు వెళ్ళే బంతి నెట్టు దగ్గరున్నవాడి తల పక్కనుంచే వెళ్ళాలి, దానికి వేరే దారి లేదు, టెన్నిసు కోర్టు కొలతలు గీసిన మహానుభావుడు నెట్టు దగ్గరున్నవాడి బుర్ర గురించి ఆలోచించలేదు. పోయిన చలికాలం నుంచి ఫల్గుణ చిటికెన వేలు తప్ప ఇంకో వేలు చూపించలేదు. ఒక్కసారి కూడా. మణి కూడా ఎందుకని అడగలేదు. ఇద్దరికి ఇద్దరూ ఏమీ ఎరగనట్టు అన్ని బంతులూ మధ్య గీత మీదికే, మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు, తర్వాత ఒకరిద్దరు పట్టుకున్నారు, ఇప్పుడీ ఎర్రగడ్డం వాడు మధ్యకి జరిగి నిలబడుతున్నాడు. వాడికి తెలిసిపోయింది. వేళ్ళు కనిపించకపోయినా భయం కనిపిస్తుంది కాబోలు.

అరకులో టెన్నిసు టోర్నమెంటు అంటే విశాఖపట్నంలో నవ్వినవాళ్ళున్నారు. కాఫీ ఎగుమతి చేసే ఒక పెద్దమనిషి లోయలో హాలు కట్టించాడు, వానకీ మంచుకీ ఆట ఆగకుండా ఎత్తుగా ఇనప రేకుల కప్పు, కింద నీలం కోర్టు. ఈ ఆట మీద బతికేవాళ్ళు, పాయింట్ల కోసం దేశాలు పట్టుకు తిరిగేవాళ్ళు, బ్యాగులు మోసుకుని ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు చేసుకుంటూ వచ్చారు. డబుల్స్ ఫైనల్లో మనోడున్నాడంటే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు సంతకి వచ్చినట్టు వచ్చారు, హాస్టలు పిల్లలు, జీపు డ్రైవర్లు, గొడుగు మూసి ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మలు. ఎక్కడో ఎవరూ ఎరగని ఊళ్ళో భయపడితే భయం ఒక్కటే ఉంటుంది. ఇక్కడ భయపడితే రేపు దారిలో ఎదురయ్యే ప్రతివాడి మొహంలోనూ అది కనిపిస్తుంది. మూడో వరసలో భార్య గాయత్రి కూర్చుంది, పక్కన అమ్మ. గాయత్రి చప్పట్లు కొట్టడం లేదు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించి, ఎవరో డాక్టరు పిలుస్తాడని ఎదురుచూసే మనిషిలా కూర్చుంది. భయం ఇంకా పోలేదని ఆవిడ ఒక్కదానికి తెలుసు.

పైన రేకుల మీద ఏదో చిటపటమంది. ఎవరో గుప్పెడు చోళ్ళ గింజలు విసిరినట్టు. ఫల్గుణ తలెత్తి చూశాడు. వాన. గాలికొండ మీద నుంచి దిగే వాన ఎలా ఉంటుందో ఈ హాల్లో ఉన్నవాళ్ళందరిలోనూ అతనికే బాగా తెలుసు, చినుకుతో మొదలై ఊపిరి తిప్పుకునేలోపు ఊరంతా తడిపేస్తుంది. కోర్టు తడవదు, నిజమే, అందుకేగా కప్పు వేశారు. కానీ చప్పుడు? రేకుల మీద వాన పడితే పక్కవాడి మాట వినబడదు. మణి బంతిని నేలకేసి కొట్టే చప్పుడు, బూటు కీచు, ఊపిరి, ఇన్నాళ్ళూ వాటిని పట్టుకునే నెట్టు దగ్గర నిలబడగలుగుతున్నాడు, ఎప్పుడొస్తుందో తెలిస్తే తల ఎప్పుడు దాచుకోవాలో తెలుస్తుంది. అసలే కుడి చెవి సగం చెవి. ఇప్పుడా చప్పుళ్ళు కూడా పోతే? అరచేతులు చెమట పట్టాయి. నిక్కరుకి తుడుచుకున్నాడు. మళ్ళీ పట్టాయి.

ఆ రోజు వాన లేదు. చలి దేశంలో అదీ ఇలాంటి హాలే, కిటికీలు లేవు, పగలో రాత్రో తెలియని తెల్లటి దీపాలు. చూపుడు వేలు తనే చూపించాడు, మణి తల ఊపాడు, అంతా మామూలే. ఎదుటివాడు బంతిని మధ్యలోకి తిరగ్గొడతాడని మనసుకి తోచింది, ఒక అర అడుగు ముందుగా కదిలాడు, అంతే, అర అడుగు, వంటింట్లో గాయత్రి ఉప్పు డబ్బా అందుకోవడానికి కదిలేటంత. మణి బంతి వచ్చి తగిలిన మోత వినబడలేదు. నొప్పి కూడా తెలియలేదు. నీలం నేల పైకి లేచి వచ్చి చెంపకి తగిలింది. తర్వాత తలకిందులుగా మణి మొహం, పెదాలు కదులుతున్నాయి, మాట లేదు, చెవి లోపల గుయ్‌మని ఒకటే హోరు. ఏం చెప్తున్నాయో ఆ పెదాలు, ఇప్పటికీ తెలియదు, అడగలేదు. కుడి చెవి వెనక కుట్లు వేశారు. జుట్టు మళ్ళీ మొలిచింది గానీ కుట్ల చోట మొలవలేదు. డాక్టరు కాగితం మీద చెవి బొమ్మ గీసి చూపించి, ఆడుకోవచ్చు, ఏం ఫరవాలేదు, కాకపోతే ఇంకోసారి అక్కడే తగిలితే మాత్రం ఈ చెవి సంగతి నేను హామీ ఇవ్వలేను అన్నాడు. ఫరవాలేదు అన్న మాట డాక్టరు ముందు చెప్పాడు, కాకపోతే అన్న మాట తర్వాత చెప్పాడు. మనిషికి గుర్తుండేది తర్వాత చెప్పిందే.

అమ్మ ఊరుకుంటుందా. కొడుకు నిద్రలో తల పట్టుకుని లేస్తున్నాడని గాయత్రి ఫోనులో చెప్పిన మర్నాడే బొర్రా దగ్గర రైలెక్కి విశాఖపట్నంలో దిగింది సోములమ్మ. జడుపు అంది. జడుపుకి మందు ఆవిడకి తెలుసు. కుక్కని చూసి జడుసుకుంటే ఆ కుక్క బొచ్చు, మనిషిని చూసి జడుసుకుంటే ఆ మనిషి ఒంటి మీది గుడ్డ పీలిక, నిప్పుల మీద వేసి పొగ పట్టాలి. "ఆ మణిబాబు సొక్కా ముక్క ఒకటి అట్రా, పొద్దుగూకేసరికి దిగిపోద్ది" అంది. ఎలా అడుగుతాడు? ఒరే మణీ, నిన్ను చూసి జడుసుకున్నాను, చొక్కా చింపి ఇవ్వు, అనా? వద్దన్నాడు. వద్దంటే ఆగే మనిషా ఆవిడ, ప్రాక్టీసు దగ్గరికి వచ్చి బెంచీ మీది తువ్వాలు కొంగులో దాచి తీసుకొచ్చేసింది. రాత్రి కంబళి కప్పి, కళ్ళు మండిపోయేలా పొగ పట్టింది. తెల్లారి చూస్తే మణి తువ్వాలు మణి దగ్గరే ఉంది. అమ్మ కాల్చింది కోర్టు ఊడ్చే లక్ష్మీప్రసాద్ తువ్వాలని, పాపం ఆయన వారం రోజులు వెతుక్కున్నాడు. గాయత్రి కడుపు పట్టుకుని నవ్వింది. ఫల్గుణ కూడా నవ్వాడు. నవ్వుతూనే అనుకున్నాడు, లక్ష్మీప్రసాద్ అంటే మాత్రం ఇక ఈ జన్మలో భయం వేయదు.

రెండో సెట్టు పోయింది. మొదటిది తమది, రెండోది వాళ్ళది, ఇక మిగిలింది ఆఖరి టైబ్రేకు, ముందుగా పదికి చేరుకున్నవాళ్ళు గెలిచినట్టు. కుర్చీల్లో కూర్చున్నారు. వాన ఊపందుకుంది. మణి నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మాడు, కుడి భుజం నొక్కుకున్నాడు. నెలల తరబడి ఆ భుజం నొక్కుకుంటూనే ఉన్నాడు. ఒకప్పుడు మణి సర్వీసంటే ఎదుటివాళ్ళు రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు, ఇప్పుడు సగం బంతులు నెట్టుకి కొడుతున్నాడు, రెండోదీ తప్పుతున్నాడు, భుజం పట్టేసిందంటాడు, ఫిజియో చూసి ఏమీ లేదంటాడు. ఫల్గుణ ఏదో అనబోయాడు. అనకుండా రాకెట్టు తీగలు సవరించసాగాడు.

"ఏటి?" అన్నాడు మణి.

"ఏటీ నేదు. వాన."

"ఊఁ. వాన."

అంతే. శృంగవరపుకోటలో నూనె మిల్లు వాళ్ళబ్బాయి, అరకు కొండల అబ్బాయి, పద్నాలుగేళ్ళ వయసులో స్పోర్ట్సు హాస్టల్లో ఒకే గదిలో పడి, ఒకడి సబ్బు ఒకడు రుద్దుకుని, ఒకడి జ్వరం ఒకడికి అంటించి, ఇన్నేళ్ళు కలిసి ఆడి, ఇవాళ వాన గురించి మాట్లాడుకుంటున్నారు.

మొదటి వరసలో తేజ కూర్చున్నాడు. హైదరాబాదు కుర్రాడు, పొడుగ్గా, నెట్టు దగ్గర నిలబడితే గోడలా ఉంటాడు, చూయింగ్ గమ్ నములుతూ ఆట చూస్తున్నాడు. వచ్చే నెల నుంచి తనతో జోడీ కట్టమని మణిని అడిగాడట, దొంగచాటుగా ఏం కాదు, పొద్దున టిఫిన్ దగ్గర తనే మర్యాదగా ఫల్గుణతో చెప్పాడు, అన్నా మీరేం అనుకోవద్దు అని. మణి ఏమన్నాడట? ఈ టోర్నమెంటు అయ్యాక చెప్తానన్నాడట. కాదనలేదు. ఫల్గుణ ఇడ్లీ పళ్ళెం పక్కకి నెట్టేశాడు. ఈ ఆటలో ఒంటరిగా ఎవడూ మిగలడు, జోడీ లేనివాడు ఇంటికి వెళ్ళాలి, ముప్పై దగ్గర పడుతున్నవాడితో, అందులోనూ చెవి సరిగా లేనివాడితో కొత్తగా ఎవడు జోడీ కడతాడు? హోటల్ మెట్ల మీద గాయత్రి చెయ్యి పట్టుకుని ఆపింది. "సెప్పీ మావా. భయమేత్తందని ఆ బాబుతో సెప్పీ. మనసులో ఎట్టుకుని ఎన్నాళ్ళు వంగుతావు?" చెప్తే వెళ్ళిపోతాడు, భయపడేవాణ్ణి నెట్టు దగ్గర పెట్టుకుని ఎవడు ఆడతాడు. చెప్పకపోతే ఓడిపోతారు, ఓడిపోతే అప్పుడూ వెళ్ళిపోతాడు. రెండు దార్లూ అక్కడికే పోతున్నాయి. గాయత్రికి ఆ మాటే చెప్పాడు. "పోతే పోనీ, సెప్పి పంపు" అంది ఆవిడ, చెయ్యి వదలకుండా.

టైబ్రేకు మొదలైంది. వాన ఇప్పుడు వానలా లేదు, రైలులా ఉంది. అవును, సరిగ్గా అదే మోత. బొర్రా దాటాక సొరంగాలు, ఒకదాని తర్వాత ఒకటి, బడికి కొండ చుట్టూ తిరిగి వెళ్ళడం ఎందుకని తనూ తోటి పిల్లాడు సుక్రూ సొరంగంలోంచి పోయేవాళ్ళు, వద్దని ఎందరు చెప్పినా. లోపల నడిమధ్యకి వచ్చేసరికి ముందున్న వెలుగు కొబ్బరిచిప్పంత, వెనకున్న వెలుగు కొబ్బరిచిప్పంత. ఒకరోజు అక్కడ ఉండగా మెడ మీద గాలి తగిలింది. చప్పుడు లేదు ఇంకా, గాలి మాత్రమే, రైలు సొరంగంలో గాలిని తన ముందు నెట్టుకుంటూ వస్తుంది, వెచ్చగా, ఇనప వాసనతో. వెనక్కి చూడలేదు. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని తెలుసు. సుక్రు గోడలో గ్యాంగుమన్లు నిలబడే గూడులోకి చొక్కా పట్టి లాగాడు, ఖనిజం బండి ముక్కు ముందునుంచి పోతూనే ఉంది, పోతూనే ఉంది, ఇద్దరూ ఒకర్నొకరు కరుచుకుని నోరు తెరిచి అరుస్తున్నారు, అరుపు ఎవరికీ వినబడలేదు. బయటికొచ్చాక ఇద్దరి లాగులూ తడిసి ఉన్నాయి. వానలో తడిశామని ఇళ్ళల్లో చెప్పారు. అప్పుడు ఎండాకాలం. అమ్మ నమ్మినట్టే ఊరుకుంది. సుక్రు ఇప్పుడు గుమ్మలక్ష్మీపురంలో టీచరు, పిల్లలకి లెక్కలు చెప్తాడు, ఎప్పుడు కలిసినా ఆ సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు. భయం గురించి మాట్లాడుకోవడం కంటే భయపడటమే సులువు. ఎందుకలాగో ఫల్గుణకి తెలియదు, ఆలోచించే తీరికా లేదు, పొడుగువాడి బంతి వస్తోంది, ఎదురుగా వచ్చేదానితో భయం లేదు, పట్టి కొట్టాడు, పాయింటు.

అదీ చిత్రం. ఎదుటివాళ్ళు సర్వీసు చేస్తున్నంతసేపూ ఫల్గుణ పులి. తను సర్వీసు చేసినప్పుడూ ఫరవాలేదు, వెనక ఎవరూ ఉండరు. స్కోరు ఒకరి వెంట ఒకరిది ఎక్కుతూ పోయింది. మణి చేతికి బంతి వచ్చినప్పుడల్లా తమ పాయింటు పోతోంది. ఇప్పుడు మళ్ళీ మణి వంతు, తమవి ఏడు, వాళ్ళవి ఎనిమిది. నెట్టు దగ్గరికి నడిచాడు. వీపు వెనక చిటికెన వేలు చూపించాడు, మధ్యకే. వంగాడు. ఇప్పుడు వినాలి. వాన. ఇంకేమీ లేదు. బంతి నేలకి తగులుతోందా? ఎగరేశాడా? కొట్టేశాడా? ఈసారి బంతి అందుకునే పొడుగువాడి కళ్ళలో చూసి తెలుసుకుందామా, వాడి కళ్ళు పైకి లేస్తే ఎగరేసినట్టు. వాడి కళ్ళు పైకి లేచాయి. మెడ లోపలికి పోయింది, ఏమీ రాలేదు. బంతి నెట్టు అడుగున పడి దొర్లుతోంది. రెండో బంతి, ఇదీ తప్పితే పాయింటు పోయినట్టే. మళ్ళీ వంగాడు, మళ్ళీ అదంతా, మొదటినుంచి, ఒక్క ముక్క తగ్గకుండా. అదీ నెట్టుకే. ఏడు, తొమ్మిది. ఇంకొక్క పాయింటు పోతే అయిపోతుంది.

అయిపోతే బాగుండునని ఒక మూల అనిపించింది. నిజం. ఓడిపోతే ఇంక ఇలా వంగక్కర్లేదు. తేజ నిలబడతాడు ఇక్కడ, చూయింగ్ గమ్ నములుతూ. తను ఊరికి పోయి మిరియాల తీగలు ఎగబాకిన చెట్ల కింద కాఫీ పళ్ళు కోసుకుంటాడు, అక్కడ వెనకనుంచి ఏమీ రాదు, వస్తే మేకలు వస్తాయి. వంగాడు. ఈసారి కుడి పక్క, అదే చెవి, అదే వైపు నుంచి రావాలి బంతి. వాన హోరు కుడి చెవిలోని పాత హోరుతో కలిసిపోయింది, లోపలిదేదో బయటిదేదో తెలియలేదు. ఎర్రగడ్డం వాడు ఎదురుచూస్తున్నాడు. ఎంతకీ వాడి కళ్ళు పైకి లేవడం లేదు. ఏం చేస్తున్నాడు మణి? ఇంత ఆలస్యం ఎందుకు? ఎప్పుడు? ఇప్పుడా? ఇక ఒంట్లో శక్తి అయిపోయింది, భయపడటానికి కూడా శక్తి కావాలి. సర్వీసు వేళ నెట్టు దగ్గరున్నవాడు ఎన్నడూ చేయకూడని పని చేశాడు ఫల్గుణ. వెనక్కి తిరిగి చూశాడు.

మణి బంతి ఎగరేసి, కొట్టకుండా మళ్ళీ చేత్తో పట్టుకున్నాడు. మళ్ళీ ఎగరేయబోయి ఆగాడు. వాడి చూపు అవతలి గళ్ళో లేదు, నెట్టు మీద లేదు. ఫల్గుణ తల ఉన్న చోట ఉంది, సూదికి దారం ఎక్కించేవాడి చూపులాగ అక్కడే గుచ్చుకుని ఉంది. తల తిరిగి అక్కడ మొహం కనబడేసరికి ఉలిక్కిపడ్డాడు. బంతి పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. చలికి కాదు. ఆ వణుకు ఫల్గుణకి బాగా తెలుసు, చలికాలం నుంచి రోజూ తన మోకాళ్ళలో చూస్తున్నాడు. భుజం నొప్పి అట! మనిషి భుజం నొప్పికి బంతిని మధ్య గీత మీదికే కొడతాడా? నెట్టుకేసి కొట్టుకుంటాడా? చిటికెన వేలు ఎందుకని ఒక్కసారైనా ఎందుకు అడగలేదు వీడు? అడగనక్కర్లేక. ఫల్గుణ కాళ్ళు వెనక గీత వైపు నడిచాయి. కుర్చీలో అంపైరు ఏదో అన్నాడు, టైము అన్నాడేమో, వాన మింగేసింది.

"ఏటయిందిరా?" అన్నాడు మణి.

"భయమేత్తంది మణీ."

"మేచ్ పాయింటుకి ఎవుడికి భయమెయ్యదు. ఎల్లు."

"మేచ్‌కి కాదురా. నీ బంతికి. ఆ దినం నుంచి. నీకు ఈపు సూపించి నిలబడితే నా పేనం నా కాడ ఉండదు." వానలో అరిచి చెప్పాల్సి వచ్చింది, గాయత్రికి వినబడేంత గట్టిగా చెప్పాడేమో, చెప్పనీ.

మణి బంతిని అరచేతిలో ఒకసారి తిప్పాడు. తర్వాత, "నాకు గీతలు అగుపడవురా," అన్నాడు. "బంతి ఎగరేసి కొట్టబోతే నీ బుర్రే అగుపడతాది. ఆ కుట్లే అగుపడతాయి. ఇంకేటీ అగుపడదు. సెయ్యి దానంతట అదే ఆగిపోతాది. నానేటి సెయ్యను?"

"అందుకా తేజతో ఆడతానన్నావు?"

"ఆడతాననలేదు. తరవాత సెప్తానన్నాను." ముంజేత్తో ముక్కు తుడుచుకున్నాడు. "ఆడి బుర్ర పగిలినా నాకు నిద్ర పడతాదిరా. నీదయితే పట్టదు."

అంపైరు మళ్ళీ పిలిచాడు. ఫల్గుణ మణి చేతిలోని బంతిని ఒకసారి నొక్కి వదిలాడు.

"బయటికి కొట్టు. నా పక్కనుంచి. నేను కదల్ను."

"కొట్టలేనురా."

"కొట్టు. నేను కదల్ను."

నెట్టు దాకా నడక చాలా పొడుగ్గా ఉంది. చెప్పేస్తే దిగిపోతుందనుకున్నాడు, గాయత్రి కూడా అలాగే అనుకుని ఉంటుంది. దిగలేదు. మణి చెయ్యి వణుకుతోందని ఇప్పుడు తెలుసు, వణికే చేత్తో కొట్టే బంతి ఎటు పోతుందో దేవుడికి తెలియాలి, ముందటికంటే ఇప్పుడే ఎక్కువ భయంగా ఉంది. వంగాడు. మెడ లోపలికి పోతానంటోంది, పోనివ్వలేదు. కళ్ళు మూసుకుంటానంటున్నాయి, మూయనివ్వలేదు. ఎర్రగడ్డం వాడు మామూలుగానే మధ్యకి జరిగి నిలబడ్డాడు. వెనక ఒకడు తనలాగే వణుకుతూ నిలబడి ఉన్నాడు, తన తల వంక చూస్తూ, పద్నాలుగేళ్ళప్పుడు తనకి జ్వరం వస్తే తడిగుడ్డ వేసినవాడు. కొట్టరా. కొట్టు. వాన, వాన, వాన. ఎర్రగడ్డం వాడి కళ్ళు పైకి లేచాయి. ఫల్గుణ కదల్లేదు.

చెవి పక్కనుంచి ఏదో సర్రున పోయింది.

పోయిన బంతి వైపు అతను చూడలేదు. గిరుక్కున వెనక్కి తిరిగాడు. మణి రాకెట్టు కిందికి వేలాడేసి, నోరు తెరుచుకుని, పిచ్చివాడిలా తన తలకేసే చూస్తున్నాడు.

"తగిలిందేటి?" అని అరిచాడు.

"నేదు!"

"నిజం సెప్పు!"

ఫల్గుణ చెవి వెనక చెయ్యి పెట్టి తడుముకుని, ఆ చెయ్యి పైకెత్తి వాడికి చూపించాడు. "నేదురా! తగల్లేదు!"

మణి కోర్టు మీద గొంతుక్కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నాడు. మెట్ల మీద జనం లేచి నిలబడి ఏదో అరుస్తున్నారు, అంపైరు చెయ్యి ఎత్తి ఏదో చెప్తున్నాడు, వాన ఒక్క మాట కూడా వినబడనివ్వడం లేదు. బంతి గీత లోపల పడిందో దాటి పడిందో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.